పేరులో పట్టని గుర్తులు

కంప్యూటరులో కొత్త ఫోల్డరు తెరిచి పేరు పెట్టబోతే, ఈ పేరులో పనికిరాని గుర్తు ఉందని అది అడ్డం తిరగడం మనలో చాలామందికి తెలిసిన సంగతే. తప్పు ఎక్కడుందో అంతుపట్టక, కొట్టిన పేరంతా చెరిపేసి, ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో ఒక పొడిపేరు పెట్టి ముందుకు పోతాం. ఆరునెలల తర్వాత ఆ పొడిపేరు దేనికి పెట్టామో మనకే గుర్తుండదు. చిన్న చిరాకే కావచ్చు. కానీ ఈ చిరాకు వెనక 50 ఏళ్ళ చరిత్ర ఉంది. అది ఎక్కడో అమెరికాలో జరిగిన కథ అయినా, మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పట్టా కాగితాల మీద, ఊర్ల పేర్ల మీద, అవ్వల పాటల మీద దాని నీడ పడింది. అందుకే దాన్ని ఇక్కడ చెప్పుకోవాలనిపించింది.

చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు పాటలు, మాటలు, పాత కాగితాలు పోగేసే పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. పోగెయ్యడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్ళకు ఈ రెండోది ఇంకొంచెం కష్టం. మన మాటను దాచే పెద్ద గ్రంథాలయం గాని, విశ్వవిద్యాలయం గాని మన ఊర్లో లేదు. మన పెట్టెల్లో, మన కంప్యూటర్లలో ఉన్నదే ఉన్నట్టు. అక్కడ పోతే పోయినట్టే.

తొమ్మిది గుర్తులు

విండోసుతో నడిచే కంప్యూటరులో ఫైలు పేరులో గాని ఫోల్డరు పేరులో గాని 9 గుర్తులు ఉండకూడదు. రెండు ఏటవాలు గీతలు (/ \), పైనా కిందా రెండు చుక్కలు (:), నక్షత్రం (*), ప్రశ్న గుర్తు (?), జంట కొటేషను గుర్తు ("), బాణం మొనల్లాంటివి రెండు (< >), నిలువు గీత (|). ఇవి చెడ్డ గుర్తులని కాదు. ఫైళ్ళకు పేర్లు పెట్టక ముందే వీటికి వేరే ఉద్యోగాలు ఇచ్చేశారు. కొలువులో ఉన్నవాణ్ణి ఇంటి పనికి పిలిస్తే రానట్టు, ఇవి పేర్లలోకి రావు.

ఆ ఉద్యోగాలు ఎవరు ఎప్పుడు ఇచ్చారో చూద్దాం. 1969 నుంచి అమెరికాలోని బెల్ లేబరేటరీసులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవాళ్ళు యూనిక్సు అనే వ్యవస్థను కట్టారు. ఫోల్డరు లోపల ఫోల్డరు, దాని లోపల ఫైలు అని దారి చెప్పడానికి వాళ్ళు / గీతను వాడారు. అంతకు ముందున్న మల్టిక్సు అనే వ్యవస్థలో ఈ పనికి > గుర్తు ఉండేది. యూనిక్సులో > గుర్తుకు వేరే పని పడింది. ఒక పని ఫలితాన్ని తెర మీద చూపకుండా ఫైలులోకి మళ్ళించడం అది. ఫైలులో నుంచి తీసుకోవడానికి < గుర్తు వచ్చింది. ఒక పని ఫలితాన్ని గొట్టంలో నీళ్ళు పంపినట్టు ఇంకో పనికి అందించే ఏర్పాటును డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచన మీద 1973లో చేశారు. నిలువు గీత ఆ గొట్టానికి గుర్తయింది.

రెండు చుక్కల కథ వేరే వైపు నుంచి వచ్చింది. 1974లో గేరీ కిల్డాల్ చిన్న కంప్యూటర్ల కోసం సీపీఎం అనే వ్యవస్థను చేశాడు. అందులో ప్రతి ఫ్లాపీ పెట్టెకూ ఒక అక్షరం పేరు. ఎ, బి, సి అని. అది పెట్టె పేరా ఫైలు పేరా అని తెలియాలి కదా, అందుకని అక్షరం పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఈనాటికీ మన కంప్యూటరులో 'సి' పక్కన ఉండే చుక్కలు అవే. నక్షత్రం, ప్రశ్న గుర్తు వెతుకులాటకు పోయాయి. ప్రశ్న గుర్తు ఉన్న చోట ఏ అక్షరమైనా ఒకటి ఉండవచ్చు, నక్షత్రం ఉన్న చోట ఎన్నయినా ఉండవచ్చు అని అర్థం.

1981 ఆగస్టు 12న ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చింది. సీపీఎం పోలికలతో టిమ్ పాటర్సన్ రాసిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కొని, డాస్ అనే పేరుతో అందులో పెట్టింది. ఆ మొదటి డాసులో ఫోల్డర్లే లేవు. ఒక ఫ్లాపీలో 160 కిలోబైట్లే పట్టేవి కాబట్టి ఫైళ్ళన్నీ ఒకే వరసలో ఉన్నా సరిపోయేది. 1983 మార్చిలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో ఐబీఎం కొత్త యంత్రం వచ్చింది. ఇక ఫోల్డర్లు లేకపోతే కుదరదు. డాస్ 2.0లో వాటిని తెచ్చారు. దారి చెప్పడానికి యూనిక్సులో లాగ / గీత వాడదామంటే, ఆ గీతను అప్పటికే ఆజ్ఞల పక్కన వచ్చే చిన్న సూచనలకు వాడేస్తున్నారు. అందుకని దాన్ని వెనక్కి వాల్చి \ గీతగా వాడారు. అలా రెండు గీతలూ కొలువులో చేరిపోయాయి.

డాసులో పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత తోకకు 3 అక్షరాలు. ఇంగ్లీషులో హోసూరుకు 5 అక్షరాలే, పట్టేది. కృష్ణగిరికి 11 అక్షరాలు, పట్టేది కాదు. తోక కత్తిరించి రాయాల్సిందే. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చి ఈ కట్టును 255 అక్షరాల దాకా సడలించింది. అప్పటికీ పాత ప్రోగ్రాముల కోసం లోపల ఒక పొట్టిపేరు పెట్టుకునేది. కృష్ణగిరిలో మొదటి 6 అక్షరాలు, ఒక అల గుర్తు, పక్కన 1 అంకె. పేరు పొడుగైంది గాని ఆ 9 గుర్తుల మీద నిషేధం మాత్రం పోలేదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదు గదా.

ఇంకో వింత ఉంది. 'కాన్' అని ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టి ఫోల్డరు చేసి చూడండి, కాదు. ఆ మూడక్షరాలు డాసులో కీబోర్డు, తెర కలిసిన పరికరానికి పేరు. ప్రింటరుకు, మరికొన్నింటికి కూడా ఇలాంటి పేర్లున్నాయి. వాటిని ఈనాటికీ ఇంకొకరికి ఇవ్వరు. చివర చుక్క పెడితే మాత్రం అది దెబ్బలాడదు, గొణగకుండా ఆ చుక్కను తీసి పారేస్తుంది. ఇంటిపేరు పొడి అక్షరాలతో ముగించి చుక్క పెట్టేవాళ్ళు గమనించాలి.

పట్టా నంబరులోని గీత

ఇప్పుడు మన కాగితాల దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో ఏ రైతు ఇంట్లోనైనా ఒక సంచి ఉంటుంది. అందులో పట్టా, చిట్టా, అడంగలు, పాత క్రయపత్రాలు. వీటిని స్కాను చేసి కంప్యూటరులో పెట్టుకుందామని ఈమధ్య చాలామంది పూనుకుంటున్నారు. మంచిపనే. మొదటి ఫోల్డరుకే సర్వే నంబరు పేరు పెడతారు. 45/2 అని. అక్కడే ఆగిపోతుంది. తర్వాత యజమాని పేరుతో పెడదామంటారు. తమిళ కాగితాల్లో పేరు పక్కన తండ్రి పేరుకు ముందు 'త/పె' అని ఉంటుంది. తందై పెయర్ అనడానికి పొడి అక్షరాలు. ఇంగ్లీషు కాగితాల్లో 'ఎస్/ఓ'. మళ్ళీ గీత. పోనీ తేదీ పెడదామంటే 9/2/2004. మళ్ళీ గీతే. మన సర్కారు కాగితాల మీద ఈ గీత లేని వరస లేదు.

ఇందులో ఒక ముచ్చట ఉంది. సర్వేయరు 45/2 అని రాసినప్పుడు అతని అర్థం ఏమిటి? 45వ నంబరు చేను, దాని లోపల 2వ ముక్క అని. కంప్యూటరు ఆ గీతను చూసినప్పుడు అనుకునేది కూడా సరిగ్గా ఇదే. 45 అనే ఫోల్డరు, దాని లోపల 2 అనేది. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతున్నారు. కాబట్టి గొడవ పడనక్కరలేదు. 45 అని ఒక ఫోల్డరు చేసి, దాని లోపల 2 అని ఇంకొకటి చేస్తే సరిపోతుంది. రేపు ఆ 2ను అన్నదమ్ములు పంచుకుని 2ఎ, 2బి చేసుకుంటే, ఆ రెండూ 2 లోపలికే పోతాయి. చేను ఎలా పగిలిందో ఫోల్డర్లూ అలాగే పగులుతాయి. తేదీలకు మాత్రం గీత బదులు అడ్డగీత వాడి, ముందు సంవత్సరం రాయడం మేలు. 2004-02-09 అని పెడితే కంప్యూటరు తనంతట తానే కాలక్రమంలో పేర్చి పెడుతుంది.

ఈ తేదీని ఊరికే ఎత్తుకోలేదు. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లా నుంచి కృష్ణగిరి జిల్లా వేరుపడింది. ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం నుంచి వేరుపడింది. కాబట్టి హోసూరు తాలూకాలోని ఒకే చేనికి తాత పేరుతో ఉన్న కాగితం సేలం జిల్లాది, తండ్రిది ధర్మపురిది, కొడుకుది కృష్ణగిరిది. చేను అంగుళం కదల్లేదు, జిల్లా రెండుసార్లు మారింది. జిల్లా పేరుతో ఫోల్డర్లు చేసినవాళ్ళ దగ్గర ఒకే చేని కాగితాలు మూడు చోట్ల పడి ఉంటాయి. ఊరి పేరుతో, సర్వే నంబరుతో పెట్టుకున్నవాళ్ళకు ఆ తిప్పలు లేవు.

రెండు చుక్కలు, రెండు సున్నలు

గీతలు పట్టా కాగితాలకు అడ్డం పడితే, రెండు చుక్కలు మన భాషకే అడ్డం పడ్డాయి. తెలుగులో విసర్గ వచ్చే మాటలు తక్కువ. దుఃఖం, అంతఃపురం, ప్రాతఃకాలం, పునఃప్రారంభం ఇలాంటివే. అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవి. చేత్తో రాసేటప్పుడు విసర్గకు ఒకదాని మీద ఒకటి రెండు చిన్న సున్నలు చుడతాం. కీబోర్డు మీద ఆ సున్నలు ఎక్కడున్నాయో చాలామందికి తెలియదు. కంటికి దగ్గర పోలిక కాబట్టి ఇంగ్లీషు కోలను రెండు చుక్కలు కొట్టేస్తారు. అచ్చులో తేడా కనబడదు. ఏళ్ళ తరబడి పుస్తకాలు, పత్రికలు అలాగే వచ్చాయి. చదివేవాడికి నష్టం లేదు.

కంప్యూటరు కంటితో చదవదు, అంకెలతో చదువుతుంది. దానికి కోలను 58, తెలుగు విసర్గ 3075. మొదటిది సీపీఎం నాటి నుంచి పెట్టె పేరు పక్కన కొలువు చేస్తున్న గుర్తు. రెండోది మన అక్షరం. 'దుఃఖం' అని విసర్గతో కొడితే విండోసు నోరెత్తకుండా దాచుకుంటుంది. రెండు చుక్కలతో కొడితే దాచనంటుంది.

సూలగిరి పక్క పల్లెలో ఒక ఆడపిల్లకు జరిగింది చెబుతాను. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాపులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు వచ్చినదాంట్లో లినక్సు కూడా ఉండింది. లినక్సు యూనిక్సు దారిలో వచ్చింది. దానికి పేర్లలో / గీత ఒక్కటే పనికిరాదు, రెండు చుక్కలతో పేచీ లేదు. ఆ పిల్ల వాళ్ళ అవ్వ చేత పాటలు పాడించి దాచింది. ఊర్లో ఎవరైనా పోయినప్పుడు ఆడవాళ్ళు పాడే ఏడుపు పాటలు అవి. ఫోల్డరుకు 'దుఃఖపు పాటలు' అని పేరు పెట్టింది, విసర్గ బదులు రెండు చుక్కలతో. లినక్సు తీసుకుంది. నాలుగేళ్ళు ఆ పాటలు అక్కడే భద్రంగా ఉన్నాయి.

చదువు ముగిసి, లాప్‌టాపు తమ్ముడికి ఇచ్చేటప్పుడు తనవన్నీ పెన్ డ్రైవుకు ఎత్తుకుంది. పెన్ డ్రైవులు మామూలుగా విండోసు పద్ధతిలో సిద్ధం చేసి వస్తాయి. పేర్ల విషయంలో అవి విండోసు కట్టుబాట్లే పాటిస్తాయి. మధ్యలో ఏదో పేరు చెల్లదని ఒక్క మాట వచ్చింది, దాన్ని వదిలి తక్కినవి ఎత్తమంటావా అని అడిగింది. సరేనంది ఆ పిల్ల. తక్కినవన్నీ ఎక్కాయి. తమ్ముడు లాప్‌టాపును శుభ్రంగా తుడిచి కొత్తగా పెట్టుకున్నాడు. అంతలో అవ్వ పోయింది. దినం నాడు ఆ పాటలు వినాలనుకుంటే లేవు.

"అన్నీ వచ్చినాయన్నా, అవ్వ పాటలొక్కటీ రాలే. ఏలన్నా అట్లయింది?" అని నన్నడిగింది. తెర మీద వచ్చిన మాట ఆమెకు అరకొరగా గుర్తుంది. నేను ఒక లినక్సు కంప్యూటరులో అదే పేరుతో ఖాళీ ఫోల్డరు చేసి, పెన్ డ్రైవుకు ఎత్తి చూశాను. ఎక్కలేదు. రెండు చుక్కలు తీసి విసర్గ పెట్టాను. ఎక్కింది. కొన్ని లినక్సు కూర్పులు ఇలాంటప్పుడు తామే ఆ గుర్తును మార్చి ఎక్కిస్తాయి, కొన్ని ఎక్కించవు. ఆమె చేతిలో ఉన్నది ఎక్కించని రకం. చివరికి ఫోనులో పడి ఉన్న రెండు పాటలు మాత్రం మిగిలాయి.

ఆ అవ్వ నోట ఆ మాట 'దుక్కం'. మన పల్లెల్లో ఎవరూ విసర్గ పలకరు. చదువుకున్న మనవరాలు పుస్తకంలో చూసిన మాట రాసింది, అది తప్పని ఎవరనగలరు? కీబోర్డు మీద కనబడే గుర్తు కొట్టింది, అదీ తప్పని అనలేం. అవ్వ పలికినట్టు రాసి ఉంటే పాటలు మిగిలేవి అన్న మాట మాత్రం నా మనసులో నుంచి పోలేదు.

పక్కపక్క ఇళ్ళు

ఈ 3075 అనే అంకె ఎక్కడిది అని అడగవచ్చు. అది తెలుగు కంప్యూటరులోకి వచ్చిన దారి. 1980లలో కాన్పూరు ఐఐటీలో మన లిపులను కంప్యూటరులో చూపే పని జరిగింది. 1988లో పుట్టిన సీడాక్ సంస్థ దాన్ని జిస్ట్ పేరుతో ముందుకు తీసుకుపోయింది. భారతీయ లిపులన్నింటికీ కలిపి ఒకే అంకెల పట్టీ చేశారు. 1991లో అది జాతీయ ప్రమాణం అయింది. ఇస్కీ అంటారు దాన్ని. అయితే అచ్చు పని చేసేవాళ్ళు ఎక్కువగా అటు పోలేదు. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు వాడారు. అవి ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు బొమ్మలను కూర్చోబెట్టేవి. ఒక్కొక్కరి ఏర్పాటు ఒక్కో రకం. పుటలో తెలుగు ముద్దుగా కనబడేది గాని, ఫైలు పేరులో ఆ ఫాంటు పనిచేయదు కాబట్టి తెలుగు పేరు కొడితే పిచ్చి గీతలు వచ్చేవి. ఆ కాలపు తెలుగు ఫైళ్ళన్నింటికీ ఇంగ్లీషు పేర్లుండడానికి కారణం ఇదే. మన చిన్న పత్రికల పాత సంచికలు ఎవరి దగ్గరైనా సీడీల్లో ఉంటే తెరిచి చూడండి. లోపల ఏముందో పేరు చూసి చెప్పలేరు, ఆ ఫాంటు లేకపోతే తెరిచినా చెప్పలేరు.

1991 అక్టోబరులో యూనికోడు మొదటి సంపుటి వచ్చింది. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక సొంత అంకె. భారతీయ లిపులకు ఇస్కీ వరసనే తీసుకున్నారు. ఒక్కో లిపికి 128 గదుల వీధి. తమిళానికి 2944 నుంచి 3071 దాకా. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా. కన్నడకు 3200 నుంచి 3327 దాకా. హోసూరులో మూడు భాషలు ఎలా పక్కపక్కన ఉన్నాయో యూనికోడులోనూ అలాగే ఉన్నాయి, తెలుగు నడిమి ఇల్లు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరి, మామూలు కంప్యూటరులో ఫోల్డరుకు తెలుగులో పేరు పెట్టుకునే వీలు కలిగింది.

ఈ మూడు వీధుల్లో గదులు వరసకు వరస ఎదురెదురుగా ఉంటాయి. తెలుగు 'క' గది 3093. దాని నుంచి 128 తీసేస్తే 2965, అది తమిళ 'క'. తెలుగులో 3094, 3095, 3096 గదుల్లో ఖ, గ, ఘ ఉంటాయి. తమిళ వీధిలో వాటికి ఎదురుగా ఉన్న 2966, 2967, 2968 గదులు ఖాళీ. కట్టారు గాని ఎవరినీ కాపురం పెట్టలేదు. 3075లో మన విసర్గ ఉంటే, ఎదురుగా 2947లో తమిళ ఆయ్దం ఉంది, ఆ మూడు చుక్కల అక్షరం.

ఆ మూడు ఖాళీ గదులు మన బతుకులో రోజూ ఎదురయ్యేవే. తమిళ లిపిలో ఒకే 'క' అన్ని పలుకులకూ సరిపోతుంది. తమిళానికి అది చాలు, ఆ భాష పలుకుబడే అలాంటిది. మన పేర్లే అందులోకి పోయి తిరిగి వచ్చేటప్పుడు మారిపోతాయి. భాగ్యమ్మ తమిళంలోకి పోయి, అక్కడి నుంచి తెలుగులోకి వస్తే పాక్కియమ్మ. మన ఊరి పేరే చూడండి. కన్నడంలో కొత్త ఊరు అనే అర్థంతో పుట్టిన మాట. తెలుగులో హోసూరు. తమిళ బోర్డుల మీద 'హ' లేకుండా ఓసూర్. వేపనపల్లిని కొందరు వేపనహళ్ళి అని రాస్తారు. ఒకే ఊరికి మూడు ఫోల్డర్లు తయారవడానికి ఇంతకంటే ఏం కావాలి? 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1018 ఊర్ల ఇంగ్లీషు రాతను తమిళ ఉచ్చారణకు తగ్గట్టు మారుస్తూ ఉత్తరువు తెచ్చి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ ఉత్తరువు నిలిచి ఉంటే ఎన్ని ఫైళ్ళలో ఎన్ని పేర్లు మారాల్సి వచ్చేదో.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఆ ఏడు చేరిన పిల్లలు 2016లో పదో తరగతి పరీక్ష రాశారు. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతికేవాళ్ళకు అది అన్నం పెట్టే భాష. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడి తెలుగు చదవలేని పిల్లలు పెరుగుతున్నారు. వాళ్ళు తమ అవ్వ పాటను దాచేటప్పుడు ఏ లిపిలో పేరు పెడతారు? ఇంగ్లీషులోనో తమిళంలోనో పెడతారు. ఏ లిపిలో పెట్టినా సరే, దాచితే చాలు. పేరు చూసి మళ్ళీ వెతికి తీయగలగాలి, అంతే.

కంటికి కనబడనివి

నిషేధం ఉన్న గుర్తు ఒక విధంగా నయం. వద్దని చెప్పి ఆపుతుంది. చెప్పకుండా మోసం చేసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి సున్న. తెలుగు సున్న 3074, తెలుగు అంకెల్లోని సున్న 3174. రెండూ గుండ్రంగానే ఉంటాయి. 'గ్రామం' అన్న మాటలో మొదటి దాని బదులు రెండోది పడితే కంటికి తేడా తెలియదు, ఫోల్డరు హాయిగా దాగుతుంది. కానీ రేపు 'గ్రామం' అని వెతికితే దొరకదు.

రెండోది కంటికి అసలే కనబడని గుర్తు. రెండు హల్లులు కలిసి ఒత్తు పడకుండా ఆపడానికి మధ్యలో దాన్ని పెడతారు. లాప్‌టాపు అని రాసేటప్పుడు ప కింద ట పడకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా అవసరం లేకుండా దాన్ని తగిలిస్తాయి. అప్పుడు 'ఓసూర్' అనే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనబడతాయి. ఒకే పేరుతో రెండు ఉండవు కదా అని మనం తికమకపడతాం. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు పేర్లు.

పొడుగు సంగతి కూడా ఒకటుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని 6 అంకెలు. లినక్సులో పేరుకు 255 బైట్ల హద్దు మామూలు. తెలుగు అంకె ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది. అంటే 85 అంకెలకే పేరు నిండిపోతుంది. 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు. విండోసులో ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే మొత్తం దారికి చాలా ప్రోగ్రాముల్లో 260 హద్దు ఉంది. పాట మొదటి చరణం మొత్తం ఫైలు పేరుగా పెట్టే అలవాటు ఉన్నవాళ్ళకు ఇది తగులుతుంది. దాచడం లేదని యంత్రం మొరాయిస్తే, పనికిరాని గుర్తు కోసం వెతికి అలసిపోకుండా, పేరు పొడుగునూ ఒకసారి చూడాలి.

దాచేవాళ్ళకు నాలుగు మాటలు

ఇన్నాళ్ళ అనుభవం మీద మేము పెట్టుకున్న పద్ధతి చెబుతాను. పేరులో అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఖాళీ తప్ప వేరే గుర్తు పెట్టం. కథ పేరులో ప్రశ్న గుర్తు గాని, కొటేషను గాని ఉంటే దాన్ని ఫైలు లోపల మొదటి వరసలో పూర్తిగా రాస్తాం, బయటి పేరులో మాత్రం తీసేస్తాం. ఊరి పేరు మూడు రకాలుగా రాసేదైతే, తెలుగు రూపంతో ఒకే ఫోల్డరు చేసి, తక్కిన రూపాలను లోపల ఒక చిన్న ఫైలులో రాసి పెడతాం. విసర్గ కావాలంటే తెలుగు కీబోర్డులో దాని మీట వెతికి కొడతాం, రెండు చుక్కలు కొట్టం.

దాచనంటే ఏం చేయాలి? ముందుగా ఫోల్డరుకు 'పరీక్ష' అని పేరు పెట్టి చూడండి. దాగితే పేరులోనే చిక్కుంది, దాగకపోతే చిక్కు ఇంకెక్కడో ఉంది. పేరులోనే అయితే సగం పేరు తీసి చూడండి, తర్వాత మిగిలిన సగం. రెండు మూడు సార్లకు ఆ గుర్తు దొరుకుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎత్తేటప్పుడు ఏదైనా వదిలి ముందుకు పోమంటావా అని అడిగితే, అక్కడ ఆగండి. ఏది వదులుతోందో ఆ పేరు కాగితం మీద రాసుకోండి. ఎత్తిన తర్వాత రెండు వైపులా ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్క చూసుకోండి. లెక్క సరిపోయేదాకా పాతదాన్ని తుడవకండి.

ఆ సూలగిరి పిల్ల ఇప్పుడు పక్క పల్లెల్లో తక్కిన అవ్వల దగ్గరికి పోయి పాటలు ఎత్తుతోంది. తన అవ్వ పాటల్లో కొన్ని వాళ్ళకూ వచ్చునట. ఫోల్డరుకు ఈసారి 'దుక్కం పాటలు' అని పేరు పెట్టింది, అవ్వ పలికినట్టే. ఇంతవరకు తొమ్మిది పాటలు చేరాయి. మీ ఊర్లో ఈ పాటలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి.